బత్తాయి తోటకు డ్రిప్పు: బోరు కొలవడం నుంచి బెట్ట పెట్టడం దాకా

నల్లగొండ జిల్లా నాంపల్లి, గుర్రంపోడు, చింతపల్లి వైపు బత్తాయి తోటల్లోకి వేసవిలో ఒకసారి వెళ్లి చూడండి. డ్రిప్పు పైపులు ఉంటాయి. వాటి పక్కనే చెట్ల కింద నీళ్లు మడుగు కట్టిన తోటలు కూడా కనిపిస్తాయి. ఆ రైతును అడిగితే బోరు తగ్గిపోయిందని, ఈ ఏడు ఇంకొకటి వేయించాలని అంటాడు. ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం 2003లోనే మొదలైంది కాబట్టి చెట్ల వరుస వెంట సాగే లాటరల్ పైపు అంటే ఏమిటో, దాని మీద చుక్కలుగా నీళ్లు వదిలే డ్రిప్పర్ అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. మోటారు ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్లే తక్కువ. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. మంచిదే. కానీ కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపే ఆటో స్టార్టర్ పెట్టి రాత్రంతా వదిలేస్తే డ్రిప్పు ఉన్నా ఒకటే, కాలువ పారించినా ఒకటే.

కొత్తగా డ్రిప్పు వేయబోతున్నవారికీ, వేసి కూడా నీళ్లు చాలడం లేదంటున్నవారికీ ఇది పనికొస్తుంది. లెక్కలన్నీ బత్తాయికి చెబుతున్నాను. నిమ్మ, మామిడి, దానిమ్మ తోటలకు కొలతలు మారతాయి గానీ పద్ధతి ఇదే.

ముందు బోరును కొలవండి

డీలరును పిలవడానికి ముందే ఈ పని కావాలి. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి, చేతిలో ఫోను ఉంటే చాలు. కొలత ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో తీసుకోండి. శ్రావణంలో కొలిచిన బోరును నమ్మి తోట వేస్తే వేసవిలో సగం చెట్లు ఎండుతాయి. మోటారు వేసిన వెంటనే కూడా కొలవకూడదు. మొదట వచ్చేది బోరులో రాత్రంతా ఊరి నిలిచిన నీరు. కనీసం రెండు గంటలు నడిచాక డ్రమ్ము పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 7,20,000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. అరవై సెకన్లలో నిండితే గంటకు 12,000 లీటర్లు, తొంభై సెకన్లు పడితే 8,000. ‘రెండించులు పోస్తుంది’ అనే లెక్క ఊళ్లో మాట్లాడుకోవడానికి సరిపోతుంది, డ్రిప్పు డిజైనుకు సరిపోదు.

బోరు ఎంతసేపటికి గాలి తన్నడం మొదలుపెడుతుందో కూడా రాసుకోండి. నాలుగు గంటలకే ఆగి ఆగి పోసే బోరుకు గంటకు 12,000 లీటర్లంటే రోజుకు 48,000 లీటర్లే. మీ తోటకు ఉన్న ఆస్తి అంతే.

అదే రోజు ఒక శుభ్రమైన సీసాలో లీటరు నీళ్లు పట్టి పరీక్షకు ఇవ్వండి. నల్లగొండ వారికి కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం, పాలమూరు వైపు వారికి పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్నాయి, అక్కడ అడగండి. ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, బైకార్బొనేట్లు, ఇనుము ఎంతెంత ఉన్నాయో కాగితం మీద ఉండాలి. ఆ కాగితంతో పని కింద సున్నం సంగతి దగ్గర వస్తుంది.

సబ్సిడీ, సామాను

రాష్ట్ర సూక్ష్మ సేద్య పథకంలో ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకు, సన్న చిన్నకారు రైతులకు 90 శాతం, మిగిలినవారికి 80 శాతం సబ్సిడీ ఇస్తూ వచ్చారు. ఉత్తర్వులు మారుతుంటాయి కాబట్టి ఈ ఏడాది ఏది అమల్లో ఉందో మీ మండలం చూసే ఉద్యాన అధికారిని అడగండి. పట్టాదారు పాస్‌పుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా, అవసరమైతే కుల ధ్రువపత్రం దగ్గర పెట్టుకుని మీసేవలో దరఖాస్తు చేయడం మామూలు పద్ధతి.

ఉచితంగానో పావలా ఖర్చుతోనో వస్తుంది కదా అని ఏ పైపు దించితే అది దించుకోకండి. లాటరల్ మీద అచ్చువేసిన అక్షరాలు చదవండి. మామూలు లాటరల్ అయితే ఐఎస్ 12786, లోపలే డ్రిప్పర్లున్న ఇన్‌లైన్ పైపయితే ఐఎస్ 13488 అని ఉండాలి. డిజైను కాగితం ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. పని పూర్తయిందని సంతకం పెట్టేది నీళ్లు వదిలి చివరి చెట్టు దాకా చూశాకే. ఆ సంతకం తర్వాత ఫోను ఎత్తేవాళ్లు అరుదు.

పైపులు పరిచేటప్పుడు

తోటలో ఎత్తు ఎటు ఉందో చూసి, లాటరళ్లకు నీళ్లు పంచే సబ్‌మెయిన్ పైపును పైనుంచి కిందికి వాలు వెంట వేయించండి. లాటరళ్లు వాలుకు అడ్డంగా, సమమట్టంలో సాగాలి. 16 మిల్లీమీటర్ల లాటరల్ 60 మీటర్లు దాటితే చివరి చెట్లకు నీళ్లు తగ్గుతాయి. వరుస అంతకంటే పొడవుంటే సబ్‌మెయిన్ నడిమధ్యలో వేసి రెండు వైపులా లాటరళ్లు తీయడం మేలు. పీవీసీ పైపులు ఒకటిన్నర అడుగుల నుంచి రెండు అడుగుల లోతున పూడ్చాలి. ఎండలో వదిలేసిన పీవీసీ రెండు మూడు వేసవులకు పెళుసుబారుతుంది, ఆ తర్వాత ట్రాక్టరు చక్రం ఆనితే చాలు.

డబ్బు మిగుల్చుకోవాలని చాలామంది వదిలేసే వస్తువులు మూడు ఉన్నాయి. ఒకటి, ఫిల్టరుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి ఉండాల్సిన ప్రెషర్ గేజీలు. రెండు, సబ్‌మెయిన్‌లో ఎత్తయిన చోట గాలి వాల్వు. మోటారు ఆగగానే పైపుల్లోని నీరు పల్లానికి జారుతుంది, ఎగువన శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు డ్రిప్పర్లు నీళ్లు వదలడం మాని చుట్టూ ఉన్న బురదను లోపలికి పీలుస్తాయి. మూడు, వెనక్కి పారనివ్వని వాల్వు. ఎరువు కలిపిన నీళ్లు కరెంటు పోయిన క్షణంలో తిరిగి మీ బోరులోకి దిగకుండా ఆపేది అదే. ఆ బోరు నీళ్లు ఇంట్లో తాగేవాళ్లుంటే చెప్పేదేముంది.

ఫిల్టరు సంగతి. బోరు ఇసుక పోస్తుంటే సుడి తిరిగే హైడ్రోసైక్లోన్ ఫిల్టరు, దాని తర్వాత జల్లెడ లేదా డిస్క్ ఫిల్టరు. బావి నుంచో, ఫారం పాండ్ నుంచో, కాలువ నుంచో తోడుతుంటే నాచు ఉంటుంది, దానికి ఇసుక ఫిల్టరు తప్పదు. అన్నీ బిగించాక ఎండ్ క్యాపులు పెట్టకముందే మోటారు వేసి, లాటరళ్ల చివర్ల నుంచి నీళ్లు తేటబడేదాకా వదలండి. పైపులు కోసినప్పుడు రాలిన తరుగు మొదటి రోజే డ్రిప్పర్లలో ఇరుక్కోవడం మామూలు.

డ్రిప్పర్లు చెట్టు మొదట్లో పెట్టకూడదు. బత్తాయి మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే బంక తెగులు వస్తుంది, ఆ తెగులు పట్టిన చెట్టును నిలబెట్టడం కష్టం. లేత మొక్కకు అడుగు దూరంలో రెండు డ్రిప్పర్లు చాలు. చెట్టు పెరిగేకొద్దీ వాటిని బయటికి జరుపుతూ, కాపుకు వచ్చాక వరుసకు రెండు లాటరళ్లు మొదలుకు మీటరు దూరంలో అటొకటి ఇటొకటి వేసి, చెట్టుకు గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు పెట్టండి. వేళ్లలో నీళ్లు తాగే పీచువేరు కాండం దగ్గర కంటే కొమ్మల నీడ అంచు వైపే ఎక్కువ. ఆరేళ్ల తోటలో కూడా నాటినప్పటి డ్రిప్పర్లు కాండానికి ఆనుకునే కనిపించడం ఎంత మామూలో చెప్పలేను.

ఎన్ని గంటలు నడపాలి

ఇక్కడే డ్రిప్పు గెలిచేదీ ఓడేదీ.

మిట్టమధ్యాహ్నం చెట్టు నీడను మీటరు టేపుతో అడ్డంగా కొలవండి. మే నెల మొదట్లో నల్లగొండలో సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు కాబట్టి నీడంటే కొమ్మల విస్తీర్ణమే. నాలుగున్నర మీటర్లు వచ్చిందనుకోండి. దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.8తో గుణిస్తే 16 చదరపు మీటర్లు. వేసవి నడిమధ్య మన ప్రాంతంలో తొట్టెలోని నీరు రోజుకు తొమ్మిది మిల్లీమీటర్ల దాకా ఆవిరవుతుంది. ఒక చదరపు మీటరులో ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. చెట్టు అందులో సుమారు సగం వాడుకుంటుందని లెక్క: 16 × 9 × 0.5, అంటే 72 లీటర్లు. చలికాలంలో ఆవిరి నాలుగు మిల్లీమీటర్లకు పడిపోతుంది, అప్పుడు 32 లీటర్లు చాలు. ఇంకా చిన్న చెట్టు, నీడ రెండు మీటర్లే ఉంటే? వేసవిలో కూడా పదిహేను లీటర్లు దాటదు.

నాలుగు డ్రిప్పర్లు, ఒక్కొక్కటి గంటకు 8 లీటర్లు అంటే చెట్టుకు గంటకు 32 లీటర్లు. మేలో రోజుకు రెండుంపావు గంటలు, డిసెంబరు చలిలో గంట. అంతే. రాత్రంతా ఎనిమిది గంటలు నడిపితే చెట్టుకు 256 లీటర్లు పోతుంది. అందులో 180 లీటర్లకు పైగా వేరు కిందికి దిగి, మీరు వేసిన యూరియాను వెంట తీసుకుపోతుంది.

ఇరవై అడుగుల దూరంలో నాటితే ఎకరానికి 110 చెట్ల చొప్పున వేసవిలో రోజుకు దాదాపు 8,000 లీటర్లు కావాలి. అదే పాత పద్ధతిలో ఎకరమంతా రెండు అంగుళాల లోతు పారిస్తే ఒక్క తడికే రెండు లక్షల లీటర్లు. వారానికో తడి అనుకున్నా రోజుకు 28,000 పైమాటే. పాదులు చేసి పారిస్తే ఇందులో కొంత తగ్గుతుంది గానీ డ్రిప్పు దగ్గరికి రాదు.

ఇప్పుడు బోరు దగ్గర కొలిచిన అంకెను బయటికి తీయండి. ఎకరానికి గంటకు 110 × 32, అంటే 3,520 లీటర్లు. 12,000 పోసే బోరు ఒకేసారి మూడు ఎకరాలను తడుపుతుంది. ఆరెకరాల తోటను రెండు భాగాలు చేస్తే మేలో నాలుగున్నర గంటల పని. నాలుగు గంటలకే బోరు ఆగి పోస్తుంటే ఉదయం ఒక భాగం, సాయంత్రం ఒక భాగం నడపండి, మధ్యలో ఊట చేరుతుంది. తోట మొత్తం ఒకే వాల్వుకు కట్టి, చాలని ప్రెషరుతో ‘డ్రిప్పు సరిగా రావడం లేదు’ అనడం దండగ మాట. లాటరల్ మొదట్లో ఒక కిలో ఒత్తిడి లేనిదే డ్రిప్పరు తన లెక్క ప్రకారం వదలదు.

నేలను బట్టి చిన్న మార్పు ఉంది. ఎర్ర చెలకలో, దుబ్బ నేలలో నీళ్లు పక్కకు పాకవు, నిట్టనిలువుగా దిగుతాయి. రోజూ కొంచెం కొంచెం ఇవ్వాలి, రోజు మార్చి రోజు ఇద్దామని రెండింతలు వదిలితే సగం కిందికి పోతుంది. నల్లరేగడిలో పక్కకు బాగా పాకుతుంది, అక్కడ రోజు విడిచి రోజు ఇవ్వడమే మంచిది. లెక్క మీద నమ్మకం కుదరకపోతే తడి పెట్టిన మర్నాడు పొద్దున డ్రిప్పరుకు జానెడు దూరంలో గడ్డపారతో రెండడుగులు తవ్వండి. అడుగున్నర దాకా మట్టి పిడికిట్లో ముద్దయి, వదిలితే విచ్చుకుంటే సరిపోయింది. రెండడుగుల కింద కూడా వేళ్లకు బురద అంటుతుంటే మోటారు అరగంట ముందే ఆపవచ్చు. పైన ఆరు అంగుళాలే తడిసి కింద పొడిగా ఉంటే గంట తక్కువైనట్టు, లేదా డ్రిప్పరు మూసుకుపోయినట్టు.

చెట్ల కింద వరిగడ్డో, కందికట్టెల తుక్కో, ఎండాకో పరిస్తే ఇంకొంత మిగులుతుంది. చెలక నేలల్లో చెదలు ఎక్కువ కాబట్టి కాండానికి తగలకుండా పరవండి.

ఆరు నిమిషాల పరీక్ష

నెలకోసారి. ఫిల్టరు దగ్గరి వరుసలో, మధ్య వరుసలో, చివరి వరుసలో, ప్రతి వరుసలోనూ మొదటి చెట్టు, చివరి చెట్టు దగ్గర డ్రిప్పరు కింద ఒక్కో ప్లాస్టిక్ మగ్గు పెట్టండి. సరిగ్గా ఆరు నిమిషాలు. గంటలో పదో వంతు కాబట్టి 8 లీటర్ల డ్రిప్పరు 800 మిల్లీలీటర్లు వదలాలి. కొలిచే సీసాతో చూడండి. చివరి చెట్టు దగ్గర 720 కంటే తక్కువ వస్తే ఎక్కడో ఒత్తిడి పోతోంది. ఒక వరుస అంతా తగ్గితే లాటరల్ నలిగిందనో తెగిందనో అర్థం. అక్కడక్కడా ఒక్కో డ్రిప్పరే తగ్గితే అది అడ్డం పడటం.

రెండు గేజీల మధ్య తేడా అర కిలోకు చేరితే ఫిల్టరు విప్పి కడగండి. తేడా లేకపోయినా వారానికోసారి కడిగితే నష్టం లేదు. లాటరళ్ల చివర్లు పదిహేను రోజులకోసారి విప్పి వదలండి. మొదట వచ్చే ఎర్రటి నీళ్లు చూశాక ఆ పని మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

సున్నం పట్టిన డ్రిప్పర్లు

నల్లగొండ నీళ్లంటే లోకానికి ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. డ్రిప్పుకు శత్రువు మాత్రం సున్నం. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువైతే నీరు ఆరిన ప్రతిసారీ డ్రిప్పరు నోటి దగ్గర తెల్లటి పొర మిగులుతుంది. పిన్నీసుతో గుచ్చితే రంధ్రం పెద్దదై ఆ డ్రిప్పరు ఎప్పటికీ లెక్క తప్పుతుంది. దీనికి మందు ఆమ్లమే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బజారులో హెచ్‌సీఎల్ అంటే ఇస్తారు.

పది లీటర్ల బకెట్లో మీ బోరు నీళ్లు పోయండి. సూది లేని సిరంజితో ఆమ్లాన్ని ఒక్కో మిల్లీలీటరు వేస్తూ కలిపి, పీహెచ్ కాగితం ముంచి రంగు చూడండి. 4 చూపించేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో అదే మీ నీటి లెక్క. ఆరు మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. 12,000 పోసే బోరు పావుగంటలో 3,000 లీటర్లు ఇస్తుంది, దానికి 1.8 లీటర్ల ఆమ్లం. దాన్ని ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లలో కలిపి, పారే నీటి ఒత్తిడి తేడాతో మందును పైపులోకి పీల్చే వెంచురి ద్వారా ఫిల్టరు తర్వాతి వైపు నుంచి పంపండి. చివరి చెట్టు డ్రిప్పరు దగ్గర కాగితం 4 చూపించగానే మోటారు ఆపి, 24 గంటలు అలాగే వదలండి. మర్నాడు ఎండ్ క్యాపులన్నీ విప్పి నీళ్లు వదిలితే కరిగిన సున్నం కొట్టుకుపోతుంది. సున్నం ఎక్కువున్న నీళ్లకు ఏడాదికి రెండు మూడు సార్లు చేయవలసి రావచ్చు. ఎన్ని సార్లన్నది మగ్గు పరీక్షే చెబుతుంది.

జాగ్రత్త విషయంలో మొహమాటం లేదు. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, చిమ్మి ముఖం కాలుతుంది. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టవద్దు. బావి, పాండ్ నీళ్లలో నాచు, జిగురు తీయడానికి బ్లీచింగ్ పౌడరు వాడేవాళ్లు దాన్ని, ఆమ్లాన్ని ఒకే రోజు, ఒకే డ్రమ్ములో తేకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ప్రాణాంతకం. బ్లీచింగ్ కలిపితే ముందు రోజు రాత్రి కలిపి, తేరుకున్న నీళ్లే వాడండి. అడుగున దిగిన సున్నాన్ని పైపులోకి పంపితే ఒక రోగానికి మందు వేసి మరో రోగం తెచ్చుకున్నట్టే.

ఎరువులు

డ్రిప్పు ఉండి కూడా ఎరువు చేత్తో చల్లడం ఎందుకో నాకు అర్థం కాదు. యూరియా, తెల్ల పొటాష్, 19-19-19, 13-0-45 వంటివి పూర్తిగా కరుగుతాయి, పంపవచ్చు. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ డ్రిప్పులో వద్దు. వాటిని దుక్కిలోనో పాదులోనో వేయాలి. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం, సల్ఫేట్ ఎరువులతో కలిపితే డ్రమ్ములోనే పాలలా విరిగి డ్రిప్పర్లను మూసేస్తుంది. తడి సమయాన్ని మనసులో నాలుగు భాగాలు చేసుకోండి. మొదటి భాగం మంచి నీళ్లు, నడుమ రెండు భాగాలు ఎరువు నీళ్లు, చివరి భాగం మళ్లీ మంచి నీళ్లు. కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వడమే ఇందులోని లాభం.

బెట్ట, పూత

జనవరి, ఫిబ్రవరి పూత కావాలంటే దానికి ముందు తోటను బెట్టకు, అంటే కొన్నాళ్లు నీళ్లు లేకుండా, వదలాలి. డ్రిప్పు ఉన్న తోటల్లో ఇది తేలిక, వాల్వు మూస్తే చాలు. ఆకు వాడి, పొద్దున్నే కూడా ముడుచుకుని, కొంత ఆకు పండి రాలుతుందంటే బెట్ట తగిలినట్టు. చెలకలో ఇది త్వరగా వస్తుంది, రేగడిలో ఆలస్యమవుతుంది, అందుకే పక్క రైతు రోజులను మీ తోటకు పెట్టుకోవద్దు. లేత చెట్లను, ముందటి కాపు ఇంకా ఉన్న చెట్లను బెట్టపెట్టకండి.

తెరిచేటప్పుడు ఒక్కసారిగా వదలకూడదు. మొదటి వారం లెక్కలో సగం, తర్వాత పూర్తి తడి. పిందె బఠాణీ గింజంత ఉన్నప్పుడు ఒక రోజు నీళ్లు ఎగ్గొట్టి మర్నాడు రెండింతలు ఇస్తే పిందె రాలుతుంది. కాయ ముదిరాక అదే చేస్తే పగుళ్లు. ట్రాన్స్‌ఫార్మరు కాలి నాలుగు రోజులు కరెంటు లేకపోయినా, వచ్చాక ఆ నాలుగు రోజుల బాకీ ఒకే రోజు తీర్చవద్దు.

మిగిలిన సంగతులు

వేసవిలో ఉడతలు, ఎలుకలు నీళ్ల కోసమే లాటరల్ కొరుకుతాయి. తోటలో అక్కడక్కడా మట్టి పాత్రల్లో నీళ్లు పెడితే చాలావరకు తగ్గుతుంది. అడవి పందుల బెడద ఉన్న దేవరకొండ, అచ్చంపేట వైపు మాత్రం కంచె తప్ప వేరే దారి లేదు. తోట పక్కన గెట్టు మీద గడ్డి కాల్చేవారు లాటరళ్లను ముందుగా చుట్టి పక్కన పెట్టుకోవాలి. నిప్పు తగిలిన పైపును అతికించలేరు.

మిరపకు, కూరగాయలకు డ్రిప్పు వేసేవారికి ఇదే లెక్క, పైపు మాత్రం ఇన్‌లైన్. చెలకలో డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్లు, రేగడిలో 60 వరకు. పాలమూరు వేరుశనగకు మాత్రం స్ప్రింక్లర్లే నయం.

వానాకాలంలో వర్షం పడిన మర్నాడు మోటారు వేయకండి. కానీ వారాల తరబడి డ్రిప్పు పూర్తిగా ఆపితే పైపుల్లో మట్టి గట్టిపడుతుంది, చీమలు డ్రిప్పర్లలో చేరతాయి. వారానికోసారి పది నిమిషాలు నడిపి, చివర్లు విప్పి వదిలేయండి.